కల్తీ ఇంగ్లీషు అనే అబద్ధం

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో నలుగురు కలిసినప్పుడు ఒక మాట దొర్లుతుంది: "ఈ నల్లవాళ్ళు ఇక్కడే పుట్టారు, ఇక్కడే పెరిగారు, అయినా గ్రామర్ రాదు. వాళ్ళకంటే మన పిల్లలు నయం." ఇటు మన ఊళ్ళలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పేచోట మరో మాట వినిపిస్తుంది: "బ్రిటిష్ వాళ్ళది అసలు ఇంగ్లీషు. అమెరికావాళ్ళు దాన్ని చెడగొట్టారు." చెప్పేవాళ్ళు వేరు, సందర్భాలు వేరు, నమ్మకం మాత్రం ఒకటే. ఎక్కడో కల్తీ లేని ఇంగ్లీషు ఒకటి ఉందట. ఇంగ్లండులో పెద్దింటివాళ్ళు తరతరాలుగా దాన్ని కాపాడుకుంటూ వచ్చారట. మిగిలినవాళ్ళు మాట్లాడేదంతా దాన్ని సరిగా పట్టుకోలేక చేసిన తప్పులట. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా ఈ మాటను ఏ అనుమానమూ లేకుండా అంటారు. ఇది అబద్ధం. పోనీలే అని వదిలేయదగ్గ అబద్ధం కూడా కాదు, దీనివల్ల మనుషులకు అద్దె ఇల్లు దొరకడం లేదు, కోర్టులో వాళ్ళ సాక్ష్యం చెవికెక్కడం లేదు. అందుకే ఇంత దూరం వెళ్ళి ఖండించాల్సి వస్తోంది.

ముందు రకారం సంగతి. లండన్ పెద్దమనిషి 'కార్' అనడు, 'కా' అని సాగదీసి ఊరుకుంటాడు. 'హార్డ్' అతని నోట 'హాడ్' అవుతుంది. వెనకాల అచ్చు ఉంటే తప్ప రకారం పలకడు. అమెరికాలో ఎక్కువమంది దాన్ని నిండుగా పలుకుతారు. రెండింటిలో ఏది పాతది? అమెరికా వాళ్ళదే. ఈ విషయంలో భాషా చరిత్రకారుల మధ్య తగాదా లేదు. షేక్స్‌పియర్ సమకాలికుడు బెన్ జాన్సన్ రాసిన ఇంగ్లీషు వ్యాకరణం ఆయన పోయాక 1640లో అచ్చయింది. రకారం మాట మొదట్లో గట్టిగా, మధ్యలోనూ చివరా కాస్త పలచగా వినిపిస్తుందని అందులో ఉంది. పలచగా అన్నాడు గాని పలకరనలేదు. 1607లో జేమ్స్‌టౌన్‌లోనూ 1620లో ప్లిమత్‌లోనూ దిగినవాళ్ళు ఆ రకారాన్ని వెంటబెట్టుకునే ఓడ ఎక్కారు. అది పోయింది ఇంగ్లండులో, వాళ్ళు వెళ్ళిపోయిన చాలాకాలానికి. 1791లో ఉచ్చారణ నిఘంటువు వేసిన జాన్ వాకర్, లండన్‌వాళ్ళు రకారాన్ని ఎంత మెత్తగా పలుకుతున్నారంటే అది దాదాపు అచ్చులా వినబడుతోందని గమనించాడు. ఇంగ్లీషు వర్ణక్రమంలో ఇప్పటికీ అన్నిచోట్లా ఆ అక్షరం నిలిచి ఉండటానికి కారణం కూడా ఇదే. అక్షరాలు స్థిరపడ్డ రోజుల్లో దాన్ని అందరూ పలికేవాళ్ళు. స్కాట్లండు, ఐర్లండు నేటికీ పలుకుతున్నాయి. డెవన్, సోమర్సెట్ వైపు పాతతరం పల్లెవాళ్ళు పలుకుతారు. 'కారు', 'డ్రైవరు', 'మోటారు' అంటూ మనం పలికే రకారాన్ని కూడా తప్పుగా లెక్కగట్టి దిద్దుతున్న శిక్షకులు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు, విద్యార్థులకు సగం బెరుకు తగ్గుతుంది.

రకారం వదిలేయడం ఇంగ్లండులో మొదట గొప్పవాళ్ళ అలవాటు కూడా కాదు. రకారం పోతే తప్ప కుదరని ప్రాసలు కవి కీట్స్ కొన్ని కలిపాడు, 'థార్న్స్'కి 'ఫాన్స్' లాంటివి. 1818లో ఎడిన్‌బరో నుంచి వచ్చే బ్లాక్‌వుడ్స్ పత్రిక ఆయనను కాక్నీ (లండన్ సామాన్యుల యాస) కవుల గుంపులో కట్టి, ఆయన ప్రాసలను కాక్నీ ప్రాసలని ఈసడించింది. లండన్ సామాన్యుడి నోటి అలవాటని నాడు విమర్శకులు ఏవగించుకున్నదే వంద ఏళ్ళు తిరిగేసరికి దొరల లక్షణమై కూర్చుంది. ధ్వని మారలేదు. దాన్ని పలికేవాళ్ళ హోదా మారింది.

ఈ మాట ఊహతో చెబుతున్నది కాదు. సముద్రానికి అవతల అదే ధ్వని సరిగ్గా ఎదురు దారిలో నడిచింది. లండన్‌తో ఓడల రాకపోకలు ఎక్కువున్న బోస్టన్, న్యూయార్క్, వర్జీనియా తీరాలు ఆ రోజుల్లో లండన్ పద్ధతి పట్టి రకారం వదిలేశాయి. ఉత్తర ఐర్లండు నుంచి వచ్చిన వలసజనం ఫిలడెల్ఫియాలో దిగి లోపలి ప్రాంతాలకు విస్తరించిన చోట్ల అది నిలబడింది. 1933లో అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రసంగం వినండి, రకారాలు ఉండవు. సంపన్న కుటుంబంలో పుట్టి మంచి బడుల్లో చదివిన మనిషి మాట అప్పట్లో అలాగే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాలి మళ్ళింది. 1962లో విలియం లబోవ్ అనే యువ పరిశోధకుడు న్యూయార్క్‌లో మూడు పెద్ద దుకాణాలకు వెళ్ళాడు: ధనికుల సాక్స్, మధ్యతరగతి మేసీస్, చవక సరుకుల క్లైన్. నాలుగో అంతస్తులో దొరికే సరుకు ఏదో ముందే తెలుసుకుని, అది ఎక్కడుందని గుమాస్తాలను అడిగాడు. వాళ్ళు 'ఫోర్త్ ఫ్లోర్' అన్నారు. వినబడనట్టు నటిస్తే ఇంకోసారి, ఈసారి జాగ్రత్తగా అన్నారు. అలా 264 మంది నోట ఆ రెండు మాటలు విన్నాడు. కొంతైనా రకారం పలికినవాళ్ళు సాక్స్‌లో 62 శాతం, మేసీస్‌లో 51, క్లైన్‌లో 20. లండన్‌లో ఏది పలకకపోతే గౌరవమో, న్యూయార్క్‌లో అది పలికితే గౌరవం. ఒక ఉచ్చారణకు తనంతట తనలో గొప్పతనమో లోపమో ఉంటే, సముద్రం దాటగానే అది తలకిందులు కాకూడదు కదా. శుద్ధ ఇంగ్లీషు వాదానికి దీని ముందు జవాబు లేదు. నాకు తెలిసి ఎవరూ ఇంతవరకు చెప్పలేదు.

అచ్చుల కథా ఇంతే. లీడ్స్, మాంచెస్టర్ వైపువాళ్ళు 'కప్'ను 'కుప్'కి దగ్గరగా పలుకుతారనీ, 'బాత్'లో అచ్చు సాగదీయకుండా 'బ్యాత్' అని తేల్చేస్తారనీ దక్షిణాదివాళ్ళు వెక్కిరిస్తారు. ఈ రెండింటిలోనూ ఉత్తరాదివాళ్ళదే పాత పద్ధతి. 'పుట్', 'కప్' మాటల్లో అచ్చు ఒకప్పుడు అందరికీ ఒకటే. 17వ శతాబ్దంలో దక్షిణాన అది రెండుగా చీలింది, ఉత్తరాన చీలలేదు. ఇక 'గ్రాస్', 'లాస్ట్' అని అచ్చును సాగదీయడం పైన చెప్పిన వాకర్‌కే దాదాపు మోటుగా తోచింది. స్కాట్లండు పల్లెల్లో 'హౌస్'ను 'హూస్' అంటారు. వెయ్యేళ్ళ కిందట ఇంగ్లండంతా అలాగే అనేది.

పాతది కాబట్టి గొప్పది అని నేననడం లేదు. అమెరికా ఇంగ్లీషూ మారింది, 'బెటర్' వాళ్ళ నోట 'బెడర్' అవుతుంది. అపలేచియా కొండల్లో షేక్స్‌పియర్ నాటి భాష చెక్కుచెదరకుండా ఉందని అమెరికావాళ్ళు చెప్పుకునేదీ కట్టుకథే. ఏ భాషా ఏ కొండలోనూ కదలకుండా కూర్చోదు. నేను చెప్పేదల్లా, పాతదనం పేరు చెప్పి పెద్దరికం చేస్తున్న యాసకు ఆ పాతదనమే లేదని.

మరి దానికి పెద్దరికం ఎక్కడిది? బడుల నుంచి వచ్చింది. ఈటన్, హారో లాంటి ఖరీదైన వసతి పాఠశాలల్లో దేశం నలుమూలల నుంచి వచ్చిన ధనవంతుల పిల్లలు కలిసి పెరిగి, ఏ ఊరిదో చెప్పలేని ఒక మాటతీరు తయారుచేసుకున్నారు. 1869లో ఎలిస్ అనే పండితుడు దాన్ని రిసీవ్డ్ ప్రొనన్సియేషన్ అన్నాడు. 1917లో డేనియల్ జోన్స్ తన ఉచ్చారణ నిఘంటువులో ఆ బడుల పేరుతోనే దాన్ని పబ్లిక్ స్కూల్ ఉచ్చారణ అని పిలిచి, 1926 నాటికి ఎలిస్ పేరుకు మారాడు. దాన్ని మాట్లాడేవాళ్ళు దేశ జనాభాలో 3 శాతమేనని 1970లలో పీటర్ ట్రడ్గిల్ అంచనా కట్టాడు. ఆ కొద్దిమంది గొంతును దేశమంతటి గొంతుగా మార్చింది రేడియో. 1926లో బీబీసీ ఉచ్చారణ నిర్ణయించడానికి ఒక సలహా సంఘం వేసింది, ఆస్థానకవి రాబర్ట్ బ్రిడ్జెస్ దానికి అధ్యక్షుడు, బెర్నార్డ్ షా సభ్యుడు. 1941లో, యుద్ధం మధ్యలో, యార్క్‌షైర్ మనిషి విల్ఫ్రెడ్ పికిల్స్‌ను వార్తలు చదవమన్నారు. అర్ధరాత్రి వార్తల చివర ఆయన ఉత్తరాది శ్రోతలకు తమ యాసలోనే 'గుడ్ నీట్' చెప్పాడు. బాంబులు పడుతున్న రోజుల్లో కూడా దానిమీద ఫిర్యాదులు వెళ్ళాయి. వార్తలో తప్పుందని కాదు, చదివిన గొంతు యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్‌ది అని.

ఆ పైమెట్టు మీదివాళ్ళయినా తమ మాటను మారకుండా ఉంచగలిగారా? రెండో ఎలిజబెత్ రాణి ఏటా ఇచ్చిన క్రిస్మస్ ప్రసంగాలను జొనాథన్ హారింగ్టన్ బృందం యంత్రాలతో కొలిచి, 2000లో నేచర్ పత్రికలో ఫలితం ప్రకటించింది. 1950లకూ 1980లకూ మధ్య ఆమె అచ్చులు దక్షిణ ఇంగ్లండు సాధారణ జనం పలుకు వైపు జరిగాయి. అసలు ఇంగ్లీషుకు రాణిగారే కొలబద్ద అనుకునేవాళ్ళు ఏ ఏటి రాణిగారో కూడా చెప్పాలి.

ఇక్కడ ఒక మంచి పని గుర్తుచేయాలి. 1950 నుంచి 1961 దాకా లీడ్స్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఆర్టన్ నాయకత్వంలో పరిశోధకులు 313 చోట్లకు, ఎక్కువగా పల్లెలకు, వెళ్ళి వృద్ధులైన రైతులు, కూలీలు ఏ వస్తువును ఏమంటారో, ఎలా పలుకుతారో రాసుకొచ్చారు. ఇంచుమించు అదే కాలంలో మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు, 1962లో. రెండు పనులకూ మూలమైన మర్యాద ఒకటే: పొలంలో మనిషి మాట్లాడేది తప్పుల చిట్టా కాదు, విని రాసుకోవలసిన భాష.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వస్తాను. నల్లజాతి అమెరికన్ల ఇంగ్లీషుకు వ్యాకరణం లేదన్నది. 'హీ వర్కింగ్', 'హీ బీ వర్కింగ్' అనేవి రెండూ మన చెవికి తప్పుడు వాక్యాల్లాగే తోస్తాయి. వాళ్ళకవి రెండు వేర్వేరు వాక్యాలు. మొదటిది ఈ క్షణాన పని చేస్తున్నాడని, రెండోది పని చేస్తూ ఉండటం అతని వాడుక అని. బీ ఉన్నచోట దాన్ని తీసేయడానికి వీల్లేదు, లేనిచోట పెట్టడానికీ వీల్లేదు. మసాచుసెట్స్‌లో జానిస్ జాక్సన్ అనే పరిశోధకురాలు చిన్నపిల్లలకు ఒక బొమ్మ చూపించింది. పిల్లల టీవీ కార్యక్రమంలో ఎప్పుడూ బిస్కెట్లు తినే కుకీ మాన్‌స్టర్ ఒంట్లో బాగాలేక పడుకుని ఉంది, అదే కార్యక్రమంలోని ఎల్మో బిస్కెట్లు తింటోంది. 'హూ బీ ఈటింగ్ కుకీస్?' అని అడిగితే నల్లజాతి పిల్లలు మంచం మీదున్న కుకీ మాన్‌స్టర్‌ను చూపించారు. తెల్లజాతి పిల్లలు ఎల్మోను చూపించారు. అక్కడ వ్యాకరణం తెలియనిది ఎవరికి?

ఇంకొకటి. 'షీ బిన్ మ్యారీడ్' అని 'బిన్'ను ఒత్తి పలికితే, ఆమెకు ఎప్పుడో పెళ్ళయింది, ఇప్పటికీ వివాహితే అని నల్లజాతివాళ్ళలో దాదాపు అందరికీ అర్థమవుతుంది. 1970లలో జాన్ రిక్‌ఫర్డ్ అడిగి చూస్తే తెల్లవాళ్ళలో ఎక్కువమందికి అలా అర్థం కాలేదు. ఒకప్పుడు పెళ్ళయింది, ఇప్పుడు లేదు అనుకున్నారు. ఈ తేడాను మనసులో ఉంచుకోండి, కోర్టు సంగతి వచ్చినప్పుడు అవసరం పడుతుంది. 'ఆస్క్'ను 'ఆక్స్' అంటారని నవ్వేవాళ్ళకు ఒక మాట. పాత ఇంగ్లీషులో రెండు రూపాలూ ఉన్నాయి, చాసర్ రెండోదీ రాశాడు, 1535లో కవర్‌డేల్ అచ్చువేసిన బైబిల్లో ఉన్నదీ అదే రూపం. వాళ్ళ ఇంగ్లీషులో తప్పుపట్టే మరొకటి, ఒకే వాక్యంలో రెండు నిషేధాలు వాడటం. అది చాసర్‌లో మామూలు, షేక్స్‌పియర్‌లోనూ ఉంది. అది తప్పని గట్టిగా పాఠ్యపుస్తకాలకెక్కింది 18వ శతాబ్దంలో, రాబర్ట్ లౌత్ లాంటివాళ్ళ వ్యాకరణాలతో.

ఎదుటివాళ్ళ వాదంలో గట్టి ముక్క ఒకటుంది, దాన్ని దాటేయను. "అన్నీ సమానమే అంటే బడిలో ఏం నేర్పాలి? అందరికీ ఉమ్మడిగా ఒక రాతభాష వద్దా?" కావాలి. దానిమీద నాకు తగవు లేదు. ఎడిన్‌బరో న్యాయవాదీ డల్లాస్ న్యాయవాదీ ఒకే రాతభాషలో కాగితం రాస్తారు, ఎవరి యాసలో వాళ్ళు చదువుతారు. ఉమ్మడి రాత ఉండటానికి ఇంట్లో నేర్చిన మాటను అవమానించనక్కరలేదు. 1979లో మిచిగన్‌లోని ఆన్ ఆర్బర్ బడి కేసులో న్యాయమూర్తి చార్ల్స్ జాయినర్ చెప్పిందీ ఇదే. నల్లజాతి పిల్లలు చదువులో వెనకబడటానికి వాళ్ళ ఇంటిభాష అడ్డు కాలేదు, దాన్ని ఉపాధ్యాయులు తెలియకుండానే చిన్నచూపు చూడటం అడ్డయింది. కాబట్టి ఉపాధ్యాయులు ముందు ఆ భాషను గుర్తించడం నేర్చుకుని, దాని ఆసరాతో ప్రామాణిక ఇంగ్లీషు చదవడం నేర్పాలని ఆదేశించాడు. 1996 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ బడుల మండలి అదే దారి పడితే, బడిలో ఇంగ్లీషు మాన్పించి వీధిభాష నేర్పుతున్నారని దేశమంతా గగ్గోలు పెట్టారు. అది తప్పుడు ప్రచారం. ఆ మరుసటి నెలలోనే అమెరికా భాషాశాస్త్ర సంఘం నల్లజాతివాళ్ళు మాట్లాడే తీరుకు క్రమమూ నియమాలూ ఉన్నాయని తీర్మానం చేసింది. తీర్మానం కంటే గగ్గోలే మనవాళ్ళ దాకా వచ్చింది.

మనకు ఇది తెలియని బాధ కూడా కాదు. దశాబ్దాల పాటు మన సినిమాల్లో రౌడీకీ, నవ్వించే పాత్రకూ తెలంగాణ మాట అంటగట్టారు, కథానాయకుడికి కోస్తా మాట ఇచ్చారు. దానికి నొచ్చుకున్నవాళ్ళు, దాన్ని ఎదిరించినవాళ్ళు మనలో లక్షలమంది. ఫోన్‌లో మన యాస వినగానే అవతలివాళ్ళ గొంతు మారిపోవడం అమెరికాలో మనవాళ్ళు ఎరిగిందే. అయినా పక్కింటి నల్లజాతి కుటుంబం విషయానికి వచ్చేసరికి అదే తక్కెడ మనం పట్టుకుంటున్నాం. నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే.

ఆ తక్కెడలో తూగిన మనుషులకు ఏమవుతుందో చూడండి. జాన్ బా అనే భాషావేత్త మూడు యాసల్లో సహజంగా మాట్లాడగలడు: ప్రామాణిక ఇంగ్లీషు, నల్లజాతివాళ్ళది, మెక్సికన్ అమెరికన్లది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల అద్దె ఇళ్ళ యజమానులకు ఆయనే మూడు గొంతులతో ఫోన్ చేశాడు. తెల్లవాళ్ళు ఎక్కువుండే పేటల్లో ఇల్లు చూసుకోవడానికి రమ్మన్న పిలుపు, మిగతా రెండు యాసలకు బాగా తక్కువగా వచ్చింది. ఆయన బృందం 1999లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 'హలో' అన్న ఒక్క మాటతోనే వినేవాళ్ళు 70 శాతానికి పైగా సందర్భాల్లో ఏ యాసో పోల్చుకున్నారు. అంటే గుమ్మం దాకా వెళ్ళకుండానే తలుపు మూసేయవచ్చు.

కోర్టులో ఇంకా ఘోరం. ఫిలడెల్ఫియా కోర్టుల్లో వాంగ్మూలాలు రాసే అధికారిక లేఖకులకు నల్లజాతి ఇంగ్లీషు వాక్యాలు వినిపించి రాయమన్నారు. 2019లో లాంగ్వేజ్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధనలో, వాళ్ళు తప్పు లేకుండా రాసినవి 60 శాతం వాక్యాలకు కాస్త తక్కువే. ఒక్కొక్క మాట లెక్కన చూసినా 83 శాతం దగ్గర ఆగింది. వాళ్ళు ఉద్యోగార్హతకు చూపించవలసింది 95. ఆ లేఖకులు రాసిందే అధికారిక రికార్డు, పై కోర్టు చదివేది దాన్నే. 'బిన్ మ్యారీడ్' అన్నచోట ఇప్పుడు పెళ్ళి లేదని, 'బీ వర్కింగ్' అన్నచోట ఆ రోజు పనిలో ఉన్నాడని ఎక్కితే ఒక మనిషి జైలుకు పోవచ్చు, ఒక తల్లికి బిడ్డ దక్కకపోవచ్చు.

2013లో ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్ అనే నల్లజాతి కుర్రవాడి హత్యకేసు విచారణ జరిగింది. ఆ పిల్లవాడు చనిపోవడానికి ముందు ఫోన్‌లో మాట్లాడుతున్నది 19 ఏళ్ళ యువతితో. ఆమె బోనులో దాదాపు ఆరు గంటలు సాక్ష్యం చెప్పింది, తనకు వచ్చిన ఇంగ్లీషులో, నియమం తప్పకుండా. రిక్‌ఫర్డ్, షెరీస్ కింగ్ ఆ సాక్ష్యాన్ని మాట మాటా పరిశీలించి 2016లో ప్రచురించారు. ఆమె వ్యాకరణం నల్లజాతి ఇంగ్లీషుకు సరిగ్గా సరిపోయింది. జ్యూరీలో కూర్చున్న ఒకామె మాత్రం ఆ అమ్మాయి చెప్పేది అర్థం కావడం కష్టమైందనీ, నమ్మశక్యంగా లేదనీ తర్వాత టీవీలో చెప్పింది. గంటల తరబడి సాగిన జ్యూరీ చర్చలో ఆ అమ్మాయి సాక్ష్యం ఊసే రాలేదని ఇంకో జ్యూరర్ చెప్పింది. నిందితుడు విడుదలయ్యాడు. సాక్ష్యం అర్థమై ఉంటే తీర్పు మారేదని నేను అనలేను. ఆరు గంటలు మాట్లాడిన ముఖ్య సాక్షి మాటను చర్చలో తూచకుండానే తీర్పు వచ్చిందని మాత్రం అనగలను.

అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్ళకు జ్యూరీ పిలుపు కాగితాలు వస్తున్నాయి, ఏటేటా ఎక్కువగా వస్తాయి. "వాళ్ళకి గ్రామర్ రాదు" అని విందు భోజనాల దగ్గర అన్న మనిషే ఒక సోమవారం పొద్దున జ్యూరీ కుర్చీల్లో ఒకదానిలో కూర్చుంటాడు. బోనులో అమ్మాయి 'హీ బీ కమింగ్ హియర్' అంటుంది. అది ఆ ఒక్క రాత్రి సంగతా, అతని వాడుకా అన్నదే కేసుకు కీలకం కావచ్చు. తెలియకపోతే చీటీ రాసి న్యాయమూర్తిని అడిగించుకునే వీలు చాలా కోర్టుల్లో ఉంది. కానీ ఆ వాక్యాన్ని తప్పు అనుకున్నవాడు అడగడు, దిద్దుకుని వింటాడు.